రెండో భాగం మీద తీర్పు: చిన్న బడ్జెట్ హారర్ సీక్వెళ్లు, ప్రేక్షకుల అభిప్రాయాలు

హారర్ చిత్రాలకు వచ్చే కొనసాగింపులపై ప్రేక్షకులు వెలిబుచ్చే అభిప్రాయాలను ఒకచోట పోగుచేసి చూస్తే మొదట కనబడేది వాటిలోని పరస్పర వైరుధ్యం. మొదటి భాగాన్నే మళ్లీ తీశారన్న ఫిర్యాదూ, మొదటి భాగంతో సంబంధమే లేకుండా తీశారన్న ఫిర్యాదూ పక్కపక్కనే వినబడతాయి. విడుదలైన వారంలో పరమ చెత్త అనిపించుకున్న చిత్రం ముప్పై ఏళ్లు గడిచేసరికి అభిమానులు నెత్తిన పెట్టుకునే చిత్రమవుతుంది. చూసి వచ్చినవారు పెదవి విరిచిన సినిమాయే పెట్టుబడికి పదింతలు రాబట్టి ఇంకో భాగానికి దారి వేస్తుంది. ఇదంతా చూసి ప్రేక్షకుడి అభిరుచికి నిలకడ లేదని తేల్చిపారేసిన విమర్శకులు లేకపోలేదు. అయితే గత యాభై ఏళ్ల దాఖలాలను ఓపికగా పరిశీలిస్తే ఈ అభిప్రాయాల వెనుక ఒక స్థిరమైన లెక్క ఉందనీ, ఆ లెక్కలో తెర మీద నడుస్తున్న చిత్రం కన్నా దానికి ముందు వచ్చిన చిత్రమే ఎక్కువ బరువు తూగుతుందనీ తెలుస్తుంది.

చిన్న బడ్జెట్ అన్న మాట ఇక్కడ సాపేక్షమైనది. 1978లో జాన్ కార్పెంటర్ తీసిన ‘హాలోవీన్’కు సుమారు 3 లక్షల 25 వేల డాలర్లు ఖర్చు కాగా అది ప్రపంచవ్యాప్తంగా 7 కోట్ల డాలర్ల దాకా వసూలు చేసింది, ఓరెన్ పెలీ శాన్ డియేగోలోని తన సొంత ఇంట్లోనే 15 వేల డాలర్లతో చిత్రీకరించిన ‘పారానార్మల్ యాక్టివిటీ’ 2009లో విస్తృతంగా విడుదలై 19 కోట్ల డాలర్లు దాటింది. భయానికి పెద్ద తారలు అక్కర్లేదు, విదేశీ లొకేషన్లు అక్కర్లేదు. చీకటి వరండా, సగం తెరుచుకున్న తలుపు, సరైన చోట నిశ్శబ్దం ఉంటే చాలు కనుక ఈ తరహా చిత్రాల్లో పెట్టుబడికీ రాబడికీ మధ్య ఇంతటి అంతరం సాధ్యమవుతోంది. ఆ అంతరమే నిర్మాతను ఫ్రాంచైజీ వైపు, అంటే ఒకే పేరును, ఒకే పాత్రను లేదా ఒకే కథాలోకాన్ని పట్టుకుని వరుసగా చిత్రాలు తీసే వ్యాపార పద్ధతి వైపు నడిపిస్తుంది. పెద్ద తారల చిత్రాల్లో ప్రేక్షకుడు హీరోను చూసి టికెట్ కొంటాడు. ఇక్కడ హీరో ఎవరో గుర్తుండకపోయినా పరవాలేదు, ముసుగు వేసుకున్న హంతకుడో దెయ్యమో గుర్తుండాలి. అందువల్ల పోస్టరు మీద పేరూ, పక్కన వేసిన అంకే ప్రేక్షకుడికి ఇచ్చిన మాటగా పనిచేస్తాయి. సీక్వెల్ మీద వచ్చే అభిప్రాయాల్లో అధిక భాగం ఆ మాట నిలబడిందా లేదా అన్నదాని చుట్టూనే తిరుగుతుంది.

ఈ అభిప్రాయాలను కొలిచే పద్ధతుల్లో అమెరికాలో ఎక్కువగా ఉదహరించేది సినిమాస్కోర్. ఎడ్ మింట్జ్ 1970ల చివర్లో ప్రారంభించిన ఈ సంస్థ, సినిమా విడుదలైన తొలిరోజు కొన్ని ఎంపిక చేసిన నగరాల్లో థియేటర్ల బయట ప్రేక్షకులకు కార్డులిచ్చి, ఏ ప్లస్ మొదలు ఎఫ్ వరకు గ్రేడు వేయిస్తుంది. కుటుంబ చిత్రాలకూ సాహస చిత్రాలకూ సాధారణంగా ఏ, బి గ్రేడులు వస్తుంటే, హారర్ చిత్రాలు చాలావరకు సి దగ్గర ఆగిపోతాయి. ప్రేక్షకుడికి హారర్ పట్ల చిన్నచూపు ఉన్నందువల్ల ఇలా జరుగుతుందనుకోవడం పొరపాటు. ఈ లెక్క తీసేది ముగింపు చూసిన మరుక్షణంలో. మిగతా కథలు ప్రేక్షకుడిని ఊరట పొందిన స్థితిలో బయటికి పంపితే, హారర్ తన ధర్మం ప్రకారం ఆ ఊరటను చివరి క్షణంలో లాగేసుకుంటుంది. 2012లో వచ్చిన ‘ది డెవిల్ ఇన్‌సైడ్’ సీక్వెల్ కాకపోయినా ఈ సందర్భంలో చెప్పుకోదగిన ఉదాహరణ. సుమారు 10 లక్షల డాలర్ల ఖర్చుతో తీసిన ఆ చిత్రం తొలి మూడు రోజుల్లోనే 3 కోట్ల 30 లక్షల డాలర్లకు పైగా వసూలు చేసింది. కథ మధ్యలో తెగినట్టు ఆగిపోయి, మిగతా వివరాలకు ఫలానా వెబ్‌సైటు చూడమని తెర మీద చిరునామా వేయడంతో థియేటర్లలో ఈలలూ తిట్లూ వినబడ్డాయి. సినిమాస్కోర్ ఎఫ్ గ్రేడు వచ్చింది. తిట్టినవారందరూ అప్పటికే టికెట్ కొన్నవారు కనుక ఆ తీర్పు ఆ తొలి వసూళ్లకు ఏ నష్టమూ చేయలేకపోయింది.

ఇక్కడే సీక్వెళ్ల విషయంలో అసలైన చిక్కు మొదలవుతుంది. అసంతృప్తి చెందిన ప్రేక్షకుడు చెల్లించిన డబ్బు వెనక్కి తీసుకోలేడు. అతని చేతిలో ఉన్నదల్లా తర్వాతి భాగానికి వెళ్లకపోవడమే. అందువల్ల హారర్ ఫ్రాంచైజీల్లో ఒక భాగం మీద ప్రేక్షకుల తీర్పు తరచుగా దాని సొంత వసూళ్లలో కాక దాని తర్వాత వచ్చిన భాగం తొలి వారాంతపు వసూళ్లలో, మన వ్యాపార పరిభాషలో చెప్పాలంటే ఓపెనింగ్స్‌లో, బయటపడుతుంది. ‘ఫ్రైడే ద థర్టీన్త్’ వరుస దీనికి మంచి దాఖలా. ఐదున్నర లక్షల డాలర్లతో 1980లో తీసిన మొదటి చిత్రంలో హంతకి, తర్వాతి భాగాల్లో ముసుగు హంతకుడయ్యే జేసన్ తల్లి. జేసన్ స్వయంగా చంపడం రెండో భాగంలో, అతని గుర్తుగా మారిన హాకీ ముసుగు మూడో భాగంలో మొదలయ్యాయి. 1984లో ‘చివరి అధ్యాయం’ అని పేరు పెట్టి జేసన్‌ను చంపేసిన నాలుగో భాగం అమెరికాలో సుమారు 3 కోట్ల 30 లక్షల డాలర్లు తెచ్చింది. మరుసటి ఏడాదే వచ్చిన ఐదో భాగంలో ముసుగు వెనుక ఉన్నది జేసన్ కాదనీ, కొడుకు చావుకు పగ తీర్చుకుంటున్న ఒక అంబులెన్సు ఉద్యోగి అనీ చివర్లో తేలడంతో అభిమానులు మండిపడ్డారు. అయినా ఆ చిత్రం 2 కోట్ల 20 లక్షల దాకా రాబట్టుకుంది. అసలు మూల్యం చెల్లించింది 1986 నాటి ఆరో భాగం: పిడుగుపాటుతో జేసన్‌ను సమాధిలోంచి లేపి, కాస్త హాస్యాన్ని కలిపి, విమర్శకుల చేత సైతం పరవాలేదనిపించుకున్న ఆ చిత్రాన్ని ఈనాటి అభిమానులు వరుసలోని మేలైన వాటిలో ఒకటిగా లెక్కిస్తున్నా, ఆనాడు దాని వసూళ్లు 2 కోట్ల డాలర్లకు కూడా చేరలేదు.

‘సా’ వరుసలోనూ ఇదే కథ. 12 లక్షల డాలర్లతో 2004లో మొదలైన ఆ వరుసలో ఏటా అక్టోబరులో ఒక భాగం రావడం అప్పట్లో ఆనవాయితీ. 2008లో వచ్చిన ఐదో భాగం తొలి వారాంతంలో 3 కోట్ల డాలర్లు తెచ్చుకుని, చూసినవారికి నీరసం కలిగించింది. మరుసటి ఏడాది ఆరో భాగం, బీమా కంపెనీల దౌర్జన్యాన్ని కథలోకి తెచ్చి, ఐదో దానికన్నా మెరుగైన సమీక్షలు పొంది కూడా తొలి వారాంతంలో సుమారు 1 కోటి 40 లక్షల దగ్గరే ఆగిపోయింది. అదే వారాంతంలో ‘పారానార్మల్ యాక్టివిటీ’ దాన్ని దాటి పోయింది కాబట్టి పోటీ కూడా ఒక కారణమే. అయినా అంత పతనాన్ని పోటీ ఒక్కదాని ఖాతాలో వేయడం కుదరదు. ఇలాంటి సందర్భాల్లో నిర్మాతలు సాధారణంగా తప్పు పాఠమే నేర్చుకుంటారు: ఆరో భాగం ఆడలేదు కాబట్టి అందులోని కొత్తదనం ప్రేక్షకులకు నచ్చలేదని అనుకుంటారు, నిజానికి ఆ కొత్తదనాన్ని చూడడానికి ప్రేక్షకులు లోపలికే రాలేదు.

సీక్వెల్ మీద అభిప్రాయం కాలంతో పాటు ఎలా తిరగబడుతుందో చూపడానికి ‘హాలోవీన్ 3: సీజన్ ఆఫ్ ద విచ్’ను మించిన ఉదాహరణ లేదు కనుక దాన్ని కొంత వివరంగా చూడవలసి ఉంది. 1981 నాటి రెండో భాగం చివర్లో మైఖేల్ మైయర్స్ అనే ముసుగు హంతకుడు ఆసుపత్రి మంటల్లో కాలిపోయాడు. ఆ పాత్రతో చెప్పవలసిందేమీ మిగల్లేదని భావించిన కార్పెంటర్, నిర్మాత డెబ్రా హిల్, ఇకపై ‘హాలోవీన్’ పేరు కింద అక్టోబరు చివరి రాత్రి నేపథ్యంగా ప్రతిసారీ సరికొత్త కథ చెప్పాలని సంకల్పించారు. మొదటి చిత్రానికి కళాదర్శకుడిగా, ఎడిటర్లలో ఒకడిగా పనిచేసి, మైఖేల్ ధరించే తెల్లని ముసుగును తయారుచేసిన టామీ లీ వాలెస్‌కే దర్శకత్వం అప్పగించారు. తొలి స్క్రిప్టు రాసిన బ్రిటిష్ రచయిత నైజెల్ నీల్, హింస పెంచుతూ చేసిన మార్పులు నచ్చక తన పేరు తీసేయించుకున్నాడు. 1982 అక్టోబరులో చిత్రం విడుదలైంది. అందులో మైఖేల్ లేడు. ఉన్నదల్లా పిల్లలకు పండుగ ముసుగులు అమ్మే ఒక కంపెనీ యజమాని, ఆ ముసుగుల్లో దాచిన మాంత్రిక శిలాశకలాలు, వాటిని మేల్కొలిపే ఒక టీవీ ప్రకటన.

పైగా ఆ చిత్రం ప్రేక్షకుడి నిరీక్షణతో చెలగాటమాడింది. కథానాయకుడైన డాక్టర్ ఒక బారులో కూర్చున్నప్పుడు అక్కడి టీవీలో 1978 నాటి ‘హాలోవీన్’ సినిమా ప్రకటన వస్తుంది. అంటే ఈ కథాలోకంలో మైఖేల్ మైయర్స్ ఒక సినిమా పాత్ర మాత్రమే. ఎవరి కోసం టికెట్ కొన్నారో అతన్ని ఒక మూలన ఉన్న చిన్న తెర మీద చూపించి వదిలేయడం థియేటర్లో కూర్చున్న అభిమానికి వేళాకోళంగానే తోచి ఉంటుంది. అమెరికాలో వసూళ్లు 1 కోటి 40 లక్షల డాలర్ల చిల్లర. రెండో భాగం తెచ్చిన 2 కోట్ల 50 లక్షలతో పోలిస్తే ఇది గట్టి దెబ్బ. సమీక్షకుల్లో రోజర్ ఈబర్ట్ వంటివారు ఒకటిన్నర నక్షత్రంతో సరిపెట్టారు. ప్రేక్షకుల ఫిర్యాదు మాత్రం ఒక్కటే, అది కథ గురించి కాదు: మైఖేల్ ఏడీ? 1988లో నాలుగో భాగం ‘మైఖేల్ మైయర్స్ తిరిగి రాక’ అన్న ఉపశీర్షికతో రావడం, నిర్మాతలు బహిరంగంగా చెప్పుకున్న క్షమాపణ లాంటిదే.

అయితే ఆ తర్వాతి దశాబ్దాల్లో వీడియో క్యాసెట్ల ద్వారా, అర్ధరాత్రి టీవీ ప్రసారాల ద్వారా అదే చిత్రాన్ని చూసిన తరానికి మైఖేల్ లేడన్న సంగతి ముందే తెలుసు. నిరీక్షణ లేకపోయేసరికి వారికి సినిమా కనబడింది. ముసుగుల పరీక్ష జరిగే సన్నివేశాన్ని వారు పదే పదే ప్రస్తావిస్తారు: కంపెనీలో అందరికన్నా ఎక్కువ సరుకు అమ్మిన ఏజెంటును, భార్యనూ కొడుకునూ వెంటబెట్టుకుని, నట్టిల్లు లాగే అలంకరించిన ఒక గదిలో కూర్చోబెడతారు, టీవీలో ‘లండన్ బ్రిడ్జ్’ బాలగీతం బాణీలో ప్రకటన మొదలవుతుంది, గుమ్మడికాయ ముసుగు వేసుకున్న పిల్లవాడు తల పట్టుకుని నేలకొరుగుతాడు, ముసుగులోంచి పురుగులూ పాములూ బయటికి పాకుతాయి, ఇదంతా పక్క గదిలోని తెరల మీద యజమాని ప్రశాంతంగా చూస్తుంటాడు. హారర్ చిత్రాల్లో చిన్నపిల్లల జోలికి పోరాదన్న రాయని నియమాన్ని ఇంత నిబ్బరంగా ఉల్లంఘించిన సన్నివేశం ఆ కాలపు అమెరికన్ హారర్‌లో అరుదు. వ్యాపార ప్రకటనలు పిల్లల బుర్రలను ఆక్రమించడాన్ని ఎద్దేవా చేసిన చిత్రంగా దీన్ని ఇప్పుడు చదువుతున్నారు. పేరులోంచి ‘హాలోవీన్ 3’ తీసేసి ఉంటే ఆనాడే ఆడేదన్న వాదన అభిమానుల్లో స్థిరపడిపోయింది. 2018లో వచ్చిన కొత్త ‘హాలోవీన్’లో వీధిలో తిరిగే పిల్లల మొహాలకు ఇవే ముసుగులు తగిలించి ఆ చిత్రాన్ని గౌరవించడం కూడా జరిగింది.

ఈ పునర్మూల్యాంకనాన్ని ఉన్నదున్నట్టు స్వీకరించడానికి మాత్రం కొంత సంకోచం ఉండక తప్పదు. నలభై ఏళ్ల తర్వాత ఒక సీక్వెల్‌ను వెతుక్కుని చూసేవారు సాధారణ ప్రేక్షకులు కారు. వారు అప్పటికే ఆ తరహా మీద మక్కువ ఉన్నవారు, నలుగురూ కాదన్నదాన్ని ఔననడంలో ఒక చిన్న గర్వం ఉన్నవారు. ఇంగ్లండులోని స్టోన్‌హెంజ్ నుంచి ముసుగుల్లోని శిలాశకలాలకు మూలమైన అన్ని టన్నుల బండను అమెరికాకు ఎలా తెచ్చారన్నదానికి ఆ చిత్రం చెప్పే సమాధానం, చెప్పినా నమ్మలేరని నవ్వేయడం. అమెరికాలో ఒకచోట రాత్రి 9 గంటలైతే మరోచోట ఇంకా 6 గంటలే అవుతుంది కదా, దేశమంతటా ఒకేసారి ప్రకటన వేసి పిల్లలను చంపడం ఎలా కుదురుతుందని ఆక్షేపించే ప్రేక్షకులు ఆనాడూ ఉన్నారు, ఈనాడూ ఉన్నారు. 1982లో సినిమాను తిట్టినవారిది తొందరపాటనీ, ఇప్పుడు మెచ్చుకుంటున్నవారిది వివేకమనీ అనుకోవడం అంత న్యాయం కాదు. మొదటివారు తమకిచ్చిన మాట గురించి మాట్లాడారు, రెండోవారు చిత్రం గురించి మాట్లాడుతున్నారు. ప్రశ్నలే వేరు కాబట్టి జవాబులు వేరు. విచిత్రమేమిటంటే 2022లో ‘హాలోవీన్ ఎండ్స్’ తన పేర్లను మూడో భాగం నాటి నీలి అక్షరాల తీరులోనే వేసుకుని, మైఖేల్‌ను చాలాసేపు పక్కన పెట్టి ఒక కొత్త యువకుడి కథ చెప్పినప్పుడు, సరిగ్గా నలభై ఏళ్ల నాటి ఫిర్యాదే తిరిగి వినబడింది. మూడో భాగాన్ని క్షమించిన అభిమాన సమూహం నుంచే అది వినబడింది.

భిన్నంగా తీస్తే ద్రోహమనీ, అదే తీస్తే పునరుక్తి అనీ అనిపించుకునే ఈ ఇరకాటం ‘బ్లెయిర్ విచ్’ వరుసలో రెండు వైపులా నమోదైంది. 1999 నాటి మొదటి చిత్రం ఫౌండ్ ఫుటేజ్ పద్ధతిలో, అంటే కనబడకుండా పోయినవారు వదిలిపోయిన వీడియోలే దొరికాయన్నట్టు నమ్మించే పద్ధతిలో తయారై, ఆ నమ్మకాన్నే ప్రచారంగా మార్చుకుని దాదాపు 25 కోట్ల డాలర్లు ఆర్జించింది. మరుసటి ఏడాదే వచ్చిన సీక్వెల్‌కు 1 కోటి 50 లక్షల డాలర్ల ఖర్చుతో, డాక్యుమెంటరీల్లో పేరున్న జో బెర్లింగర్ దర్శకత్వం వహించాడు. అతను ఆ పద్ధతిని విడిచిపెట్టి, మొదటి సినిమా చూసి పిచ్చెక్కి మేరీలాండ్‌లోని బర్కిట్స్‌విల్ ఊరికి వచ్చిన అభిమానులనే కథావస్తువుగా తీసుకున్నాడు. సినిమాను నిజమని నమ్మడంలోని ప్రమాదం గురించి తీసిన సినిమా అది. ఆలోచనగా చూస్తే ఈ వ్యాసంలో పేర్కొన్న సీక్వెళ్లన్నింటిలో తెలివైనది. కానీ నిర్మాణ సంస్థ ఎడిటింగ్ దశలో నెత్తుటి దృశ్యాలు చొప్పించి, కూర్పు మార్చి, దాన్ని అటూ ఇటూ కాకుండా చేసింది. పైగా మొదటి చిత్రాన్ని నమ్మిన ప్రేక్షకుడు, తన నమ్మకాన్నే వెక్కిరించే రెండో చిత్రాన్ని చూడడానికి మళ్లీ డబ్బు పెట్టాలి. వసూళ్లు 5 కోట్లు కూడా దాటలేదు. ఆ ఏటి చెత్త సీక్వెల్‌గా గోల్డెన్ రాస్‌ప్‌బెర్రీ దక్కింది.

2016లో ఆడమ్ వింగార్డ్ తీసిన ‘బ్లెయిర్ విచ్’ ఆ అనుభవం నుంచి పూర్తిగా వ్యతిరేక పాఠం నేర్చుకుంది. ‘ది వుడ్స్’ అన్న మారుపేరుతో రహస్యంగా తయారై, విడుదలకు రెండు నెలల ముందు అసలు పేరు బయటపెట్టిన ఈ చిత్రం మొదటి దాని దారినే అడుగుకు అడుగు నడిచింది: అదే అడవి, అవే కట్టెల బొమ్మలు, అదే ఇల్లు, కాకపోతే డ్రోన్లూ చెవికి తగిలించుకునే కెమెరాలూ అదనం. ఈసారి ప్రేక్షకులు ఇదంతా చూసిందే కదా అన్నారు. ఈ రెండు తీర్పులనూ పక్కపక్కన పెట్టి ప్రేక్షకుడు దేనికీ తృప్తి చెందడని అనుకోవడం తేలిక. వాస్తవానికి మొదటి చిత్రం ఇచ్చిన అనుభవం పునరావృతం కాగలిగినదే కాదు. ఆ వీడియోలు నిజమేమోనన్న సందేహం ఒక్కసారి మాత్రమే కలుగుతుంది. దానికి సీక్వెల్ తీయడమే అసాధ్యమని ఒప్పుకోవడం కన్నా దర్శకులను మార్చి చూడడం ఏ సంస్థకైనా సులభంగా తోస్తుంది.

అదే ఫౌండ్ ఫుటేజ్ పద్ధతిలో వచ్చిన ‘పారానార్మల్ యాక్టివిటీ 2’ ఈ ఇరకాటాన్ని కొంతమేరకు తప్పించుకోగలిగింది. మొదటి చిత్రం ప్రచారంలో సినిమా దృశ్యాలకన్నా, చీకట్లో కూర్చుని కేకలు వేస్తున్న ప్రేక్షకుల మొహాలనే ఎక్కువ చూపించారు. తమ ఊళ్లో వేయాలంటూ ఆన్‌లైన్‌లో కోరినవారి సంఖ్య 10 లక్షలకు చేరితే దేశమంతటా విడుదల చేస్తామన్నారు. ప్రేక్షకుల అభిప్రాయమే ప్రకటనగా మారిన తర్వాత, 30 లక్షల డాలర్లతో 2010లో వచ్చిన రెండో భాగం మీద నిరీక్షణ ఎంతటిదో ఊహించవచ్చు. టాడ్ విలియమ్స్ ఆ కథను మొదటి చిత్రానికి ముందు జరిగినదిగా మలిచి, మొదటి నాయిక చెల్లెలి ఇంట్లో అమర్చిన నిఘా కెమెరాల ద్వారా చెప్పాడు. గంటసేపు ఏమీ జరగలేదన్నది దీని మీద అందరూ చేసే ఫిర్యాదు. ఈత కొలనును శుభ్రం చేసే చిన్న యంత్రం రాత్రిపూట తనంతట తాను నీళ్లలోంచి బయటికి వచ్చి పడి ఉండడం మినహా ఆ గంటలో చెప్పుకోదగిన అలజడి తక్కువే. కానీ పట్టపగలు ఇల్లాలు వంటింట్లో ఒంటరిగా కూర్చున్నప్పుడు అల్మరాల తలుపులూ సొరుగులూ అన్నీ ఒక్కసారిగా దభాలున తెరుచుకునే సన్నివేశాన్ని ఫిర్యాదు చేసినవారు కూడా మరువలేదు. ఇలా ఉన్నట్టుండి శబ్దంతో ఉలిక్కిపడేలా చేయడాన్ని జంప్ స్కేర్ అంటారు. చవకబారు ఎత్తుగడగా దానికి పేరున్నా, గంటసేపు ఏమీ జరగకపోవడం వల్లే ఇక్కడ అది పనిచేసింది. ఫిర్యాదుకూ ప్రశంసకూ మూలం ఒకటే అయిన ఇలాంటి చోట నక్షత్రాల లెక్కలు పెద్దగా పనికిరావు. మరుసటి ఏడాది మూడో భాగం తొలి వారాంతంలో 5 కోట్ల 20 లక్షల డాలర్లతో రెండో భాగం ఓపెనింగ్స్‌ను దాటడం, రెండో భాగం మీద ప్రేక్షకుల నిజమైన తీర్పు ఏమిటో చెబుతుంది. ఆ మూడో భాగం ట్రైలర్లలో చూపించిన దృశ్యాలు చాలావరకు సినిమాలో లేవని జనం విసుక్కున్నారు. నాలుగో భాగం ఓపెనింగ్స్ 3 కోట్లకు లోపే పడిపోయాయి.

బడ్జెట్ పట్ల ప్రేక్షకుడి వైఖరి మరొక విషయం. మొదటి భాగంలో నటన పేలవంగా ఉన్నా, వెలుతురు సరిపోకపోయినా చిన్న సినిమాలే అని సర్దుకుపోయేవారు, రెండో భాగానికి వచ్చేసరికి అంత సంపాదించి ఇంతేనా తీసేదని నిలదీస్తారు. 1987లో వచ్చిన ‘సైలెంట్ నైట్, డెడ్లీ నైట్ 2’ తన నిడివిలో దాదాపు సగం మొదటి భాగం దృశ్యాలతోనే నింపేసి, ఈనాటికీ పరిహాసానికి గురవుతూనే ఉంది. దీనికి ఎదురుగా నిలిచేది డేమియన్ లియోన్ తీసిన ‘టెరిఫయర్ 2’. కొన్ని పదుల వేల డాలర్లతో తీసిన మొదటి భాగంలో ఆర్ట్ అనే మూగ జోకరు చేసే హత్యలు తప్ప కథ లేదనీ, చచ్చేవారి మీద జాలి కలిగేంత పరిచయం కూడా కలగదనీ ప్రేక్షకులు చెప్పారు. 2022లో వచ్చిన రెండో భాగం, అభిమానుల చందాలు కూడా కలుపుకుని సుమారు 2 లక్షల 50 వేల డాలర్లతో తయారై, సియెన్నా అనే అమ్మాయికి తల్లి, తమ్ముడు, చనిపోయిన తండ్రి, తన చేతుల్తో కుట్టుకున్న కవచం అన్నీ సమకూర్చి, ఆ ఫిర్యాదుకు 138 నిమిషాల సమాధానం ఇచ్చింది. నిడివి మరీ ఎక్కువన్నది కొత్త ఫిర్యాదు. కొందరు థియేటర్లో స్పృహ తప్పారనీ, వాంతులు చేసుకున్నారనీ వచ్చిన వార్తలు జనాన్ని ఆపడానికి బదులు రప్పించాయి. వసూళ్లు 1 కోటి 50 లక్షలకు చేరాయి. హింసను తూకం వేయడంలో ఈ చిత్రానికి ఏ విచక్షణా లేదన్న అభిప్రాయం న్యాయమైనదే, పడకగదిలో జరిగే హత్య సన్నివేశం కథకు అవసరమైన దానికన్నా ఎన్నో రెట్లు సాగుతుంది. అయితే విన్న విమర్శకు పనితో జవాబిచ్చిన దర్శకుడిగా లియోన్‌ను ప్రేక్షకులు గుర్తుంచుకున్నారు: 2024లో 20 లక్షల డాలర్ల మూడో భాగం అమెరికాలో తొలి వారాంతంలో అగ్రస్థానంలో నిలిచి, దాదాపు 1 కోటి 90 లక్షలు తెచ్చుకుంది.

తెలుగులో చిన్న బడ్జెట్ హారర్ సీక్వెళ్ల చరిత్ర పొట్టిది, దాని లెక్క కూడా కొంత వేరు. ఇక్కడ హారర్ చాలాకాలం హాస్యంతో జత కట్టే నడిచింది. ‘ప్రేమకథా చిత్రమ్’, ‘గీతాంజలి’, ‘రాజుగారి గది’ మూడూ ఆ దారివే, మూడింటికీ కొనసాగింపులు వచ్చాయి. వీటిలో ‘రాజుగారి గది’ ఉదాహరణ ప్రత్యేకంగా గమనించదగినది. 2015లో ఓంకార్ చిన్న నటీనటులతో తీసిన మొదటి భాగం తర్వాత, 2017లో రెండో భాగానికి నాగార్జున, సమంత వచ్చారు. కథ మలయాళ చిత్రం ‘ప్రేతం’ ఆధారంగా మారింది. దాంతో ప్రేక్షకుడు కొలిచే కొలబద్ద మారిపోయింది. మొదటి భాగంలో నవ్విస్తే చాలనుకున్నవారే రెండో భాగంలో పెద్ద తారల చిత్రానికి తగిన కథ, భావోద్వేగం కోరారు. అవి ఉన్నాయన్నవారు సైతం నవ్వూ భయమూ తగ్గాయన్నారు. తెలుగు వ్యాపార భాషలో దీన్ని డివైడ్ టాక్ అంటారు, అంటే జనం రెండుగా చీలి మాట్లాడటం.

‘మా ఊరి పొలిమేర’ సంగతి ఇందుకు భిన్నం. డాక్టర్ అనిల్ విశ్వనాథ్ దర్శకత్వంలో సత్యం రాజేష్ ప్రధాన పాత్రగా, చేతబడి చుట్టూ అల్లిన ఆ చిత్రం 2021లో నేరుగా ఓటీటీలో వచ్చింది. రెండో భాగం 2023 నవంబరు 3న థియేటర్లలో విడుదలైంది. హాలీవుడ్‌లో థియేటర్లో మొదలైన చిన్న హారర్ ఫ్రాంచైజీ నాసిరకం కొనసాగింపులతో వీడియో క్యాసెట్లకు దిగజారడం ఒకప్పుడు మామూలు. ఇక్కడ ఇంట్లో మొదలైనది థియేటరుకు ఎదిగింది. మొదటి భాగం టికెట్ లేకుండా, ఒకరి నుంచి ఒకరికి మాట పాకి చూసినది కాబట్టి, దాని మీద వచ్చిన మంచి తీర్పు నగదుగా మారడానికి రెండో భాగమే తొలి అవకాశం. రెండో భాగాన్ని మెచ్చుకున్నవారు మలుపుల గురించి చెప్పారు. విసుక్కున్నవారు కూడా మలుపుల గురించే, అవి మరీ ఎక్కువై ఎవరు ఎవరిని ఎందుకు మోసం చేస్తున్నారో గుర్తుంచుకోవడం కష్టమైందని చెప్పారు. మొదటి భాగం చూడనివారికి అర్థం కాదన్న మాట ఇరుపక్షాలూ అన్నాయి. భూతవైద్యమూ క్షుద్రపూజలూ పల్లెల్లో నిజంగానే మనుషుల ప్రాణాలు తీసిన ప్రాంతాల్లో ఇలాంటి కథను కేవలం వినోదంగా చూడవచ్చా అన్న ప్రశ్నకు మాత్రం రావలసినంత చర్చ రాలేదు.

తమిళం నుంచి తెలుగులోకి వచ్చిన సుందర్ సి ‘అరణ్మనై’ వరుస, ఎవరూ ఉద్దేశించకుండానే, ఈ మొత్తం ప్రశ్నకు ఒక ప్రయోగం లాంటిది చేసి పెట్టింది. తమిళంలో రెండో భాగం నుంచి అంకెలతో వచ్చిన ఆ నాలుగు చిత్రాలు తెలుగులో వరుసగా ‘చంద్రకళ’, ‘కళావతి’, ‘అంతఃపురం’, ‘బాక్’ అయ్యాయి. పేరులో అంకె లేదు, ముందు భాగాన్ని గుర్తుచేసే మాట లేదు. పాడుబడిన బంగళా, అన్యాయంగా చచ్చిన స్త్రీ, ఆమె పగ, చివర్లో అమ్మవారి పాట అన్న అమరిక ప్రతిసారీ కనబడేదే అయినా, తమిళ ప్రేక్షకుడు అది ‘అరణ్మనై’ లాగే ఉందో లేదో తూకం వేస్తుంటే తెలుగు ప్రేక్షకుడు ఒక దెయ్యం సినిమా బాగుందో లేదో చూశాడు. మునుపటి భాగం పేరు చూసి వచ్చే జనం కూడా తెలుగులో ఆ చిత్రాలకు దక్కలేదు. ‘హాలోవీన్ 3’ అభిమానులు ఇప్పటికీ కోరుకునే పేరుమార్పు వల్ల పోయేది ఎంతో లెక్కగట్టాలంటే, ఈ నాలుగు చిత్రాల తమిళ, తెలుగు ఓపెనింగ్స్‌ను పక్కపక్కన పెట్టి చూడవలసి ఉంటుంది.